వంగనివ్వని అంగీ

ఫ్యాషన్ డిజైన్ చివరి ఏడాదిలో, ఒంటి మీద వేసుకునే కళ ఏదైనా చేసి చూపించమన్నారు. నేను మా అమ్మమ్మ బతుకునే బట్ట మీదకి ఎక్కించాలనుకున్నాను. మోకాళ్ళ దాకా వచ్చే అంగీ, దాని నిండా శ్రీకాళహస్తి కలంకారీలో నాట్లు వేసే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య అమ్మమ్మ. ఆలోచన మంచిదే. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

పని కూడా ఒళ్ళు దాచుకోకుండా చేశాను. గాడా గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టాను. పాలలోని కొవ్వు గీతని పాకనివ్వదు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్ళలో పులిస్తే గీతలకి వాడే కసిమి అనే సిరా తయారవుతుంది. కుండలో ఉన్నప్పుడు అది అంత నలుపుగా ఉండదు. గుడ్డ మీదకి దిగి, కరక్కాయ వగరు తగిలాకే నలుపెక్కుతుంది. నా చేతికింద గీత అలా నల్లబడుతుంటే తిండి ధ్యాస ఉండేది కాదు.

పని నేర్పిన పెద్దాయన ఒకసారి అడిగారు, "ఎవరేసుకుంటారు పాపా దీన్ని?" అని. "ఎవరైనా వేసుకోవచ్చు సార్" అన్నాను. తప్పటడుగు అక్కడే పడింది.

శ్రీకాళహస్తి పని పెరిగింది గుడుల్లో కట్టే తెరల మీద. చీరల మీదకీ దుపట్టాల మీదకీ తర్వాత వచ్చింది. తెరకి చంకలుండవు, నడుం ఉండదు. నేను చేసిందీ తెరే. బల్ల మీద గుడ్డ పరిచి బొమ్మంతా గీసి, రంగులు వేసి, ఉతికి, ఆ తర్వాత కత్తెర పట్టాను. అమ్మమ్మ ముఖం సగం ముందు ముక్కలోకి, సగం చేతి ముక్కలోకి పోయింది. కుట్టులో కలిసిపోతుందిలే అనుకున్నాను. బొమ్మ ముడత పడకూడదని లోపల క్యాన్వాస్ వేశాను. షోకేసు బొమ్మకి తొడిగితే అందరూ మెచ్చుకున్నారు. మీరైనా అక్కడే ఆగిపోయేవారు. మెప్పు చేతికొచ్చాక లోపం వెతుక్కునేవాళ్ళు తక్కువ.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు దాన్ని అమ్మమ్మకే తొడిగాను. అద్దం దగ్గరికి రమ్మంటే రాలేదు. ముందు చెయ్యెత్తి చూసింది, చంక దగ్గర పట్టేసింది. తర్వాత కింద పడిన పిన్నీసు తీద్దామని వంగబోయింది. క్యాన్వాస్ అట్టలా నిలబడిపోయింది.

"ఇది ఏసుకోని నాట్లేసేదెట్ల మే?" అంది.

కోపం లేదు, వెక్కిరింపూ లేదు. నిజంగానే అడిగింది. నాకు నోట మాట రాలేదు. అంగీ వీపు మీద నేను గీసిన ఆడవాళ్ళంతా వంగే ఉన్నారు, వేసుకున్న మనిషికి మాత్రం వంగే వీల్లేదు. ఏళ్ళ తరబడి బురదలో వంగిన నడుం ఆవిడది. దాని గురించే చేశానని అందరికీ చెప్పుకున్నాను గానీ, ఆ నడుం ఎక్కడ మడత పడుతుందో, ఆ చెయ్యి ఎంత దూరం సాగుతుందో ఒక్కసారీ చూడలేదు.

క్యాన్వాస్ ఊడదీశాను. పక్కల చీలికలిచ్చి, చంకల్లో అదనంగా చిన్న ముక్కలు వేశాను. ముఖం మీద పడిన కుట్టుకి మాత్రం దారి దొరకలేదు.

ఇప్పుడు పని వరస మార్చాను. కరక్కాయ పట్టించిన గుడ్డని ముందే కత్తిరించి, కచ్చా కుట్లు వేసి, వేసుకోబోయే మనిషికి తొడుగుతాను. కూర్చోమంటాను, అటక మీది డబ్బా అందుకోమంటాను, వంగమంటాను. మడత పడిన చోటల్లా చింతపుల్ల బొగ్గుతో గుర్తు పెట్టి, కుట్లు విప్పాకే కలం పడతాను. ముఖాలని ఆ గుర్తులకి దూరంగా వేస్తాను. వంగిన వీపుల్ని మాత్రం సరిగ్గా నడుం మడత మీదే వేస్తాను, వేసుకున్న మనిషి వంగితే అవీ వంగేటట్టు.