ఒక్కదాన్నే... అంతర్వేది దాకా

గోదావరి అనగానే మనకి పుష్కరాలూ, పాపికొండలూ, పులస పులుసూ గుర్తొస్తాయి. రైల్లో రాజమండ్రి వంతెన దాటుతూ నదిలో చిల్లర వేసి దణ్ణం పెట్టుకోని వాళ్ళు మనలో ఎవరుంటారు చెప్పండి! నేనూ అంతే. పెళ్ళయిన 24 ఏళ్ళలో గోదావరిని కిటికీలోంచి చూడటమే తప్ప, ఆ గట్టు వెంట నాలుగడుగులు వేసింది లేదు.

మొన్న ధనుర్మాసం పట్టిన రోజున బాసరలో అమ్మవారి దర్శనం చేసుకుని, మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిన లేడీస్ సైకిలు మీద బయల్దేరాను. ధర్మపురి, మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం, భద్రాచలం. ఆ పైన పాపికొండల మధ్య నది వెంట దారి లేదు కనక అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా కొవ్వూరు చేరి, రోడ్డు-రైలు వంతెన మీంచి రాజమండ్రిలో అడుగుపెట్టేసరికి 20 రోజులయింది. రోజుకి 30, 35 కిలోమీటర్లు. గేర్లు లేని సైకిలు, 46 ఏళ్ళ మోకాళ్ళు. అంతకంటే ఎక్కువ తొక్కితే మర్నాడు లేవలేను.

ప్రయాణమంతా రాయాలంటే సీరియల్ అవుతుంది. అందుకని రాజమండ్రి నుంచి సముద్రం దాకా సాగిన ఆఖరి నాలుగు రోజుల ముచ్చట మాత్రం చెబుతాను.

కాటన్ దొర కాలవ గట్టున

రాజమండ్రి నుంచి కోనసీమకి హైవే మీద వెళ్తే తొందరగా చేరొచ్చు. కానీ లారీల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కడం నా వల్ల కాదు. ధవళేశ్వరం దారి పట్టాను. అక్కడి నుంచి గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఆ రెండింటి మధ్యనున్న పచ్చని నేలే కోనసీమ. ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట ఇక్కడిదే. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ దాని చోట కట్టింది, 1982లో పూర్తయింది. నాలుగు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో లంకలు. ఊళ్ళో కాటన్ మ్యూజియం కూడా ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే తప్పకుండా చూపించండి. కరువుతో అల్లాడిన నేలకి నీళ్ళెలా వచ్చాయో తెలుస్తుంది.

బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో కాలవ గట్టు ఎక్కాను. అబ్బ, ఆ దారి! ఒక పక్క నిండుగా కాలవ, మరో పక్క అరటి, కొబ్బరి తోటలు. ఎండ నేలకి దిగదు. దాళ్వా నాట్లు పడుతున్న రోజులు కావడంతో ఎక్కడ చూసినా చీర కుచ్చిళ్ళు ఎగదోపి నడుం వంచిన ఆడవాళ్ళే. ఇళ్ళ ముందు ముగ్గులు, ముగ్గుల్లో గుమ్మడిపూలు పెట్టిన గొబ్బెమ్మలు.

బడి వేళకి ఆ గట్టు మీద ఆడపిల్లలు జట్లు జట్లుగా సైకిళ్ళ మీద వచ్చారు. రెండు జడలు, వెనక క్యారియరు మీద పుస్తకాల సంచీ. వాళ్ళని చూస్తే కడుపు నిండింది. నేను ఇంటర్ పాసయినప్పుడు డిగ్రీ కాలేజీ మా ఊరికి 12 కిలోమీటర్లు. బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. సైకిలు కొన్నారు కానీ తమ్ముడికి. "ఆడపిల్ల అంత దూరం ఒక్కతే ఎలా వెళ్తుంది" అన్నారు. మధ్యాహ్నం వాడు నిద్రపోతుంటే ఆ మగ సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. చదువు అక్కడే ఆగింది కానీ ఆ తొక్కుడు మాత్రం మరిచిపోలేదు.

కుండ మీద రేకు

ఆ రాత్రి బస ఆత్రేయపురంలో. పూతరేకుల ఊరు. ఈ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు చోటిచ్చినావిడ ఇంట్లోనే రేకులు తీస్తుంది. బియ్యం నానబెట్టి వెన్నలా రుబ్బి, నీళ్ళలా పలచగా కలిపిన పిండి. పొయ్యి మీద బోర్లించిన కుండ. కింద ఎండు కొబ్బరాకు మంట. పలచటి గుడ్డని పిండిలో ముంచి కుండ మీద ఇలా వేసి అలా లాగిందంటే, క్షణంలో ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. మంట పెరిగితే మాడుతుంది, తగ్గితే అంటుకుపోతుంది. రేకుకి రేకుకి మధ్య ఊపిరి తీసుకోడానికే సమయం.

"ఒకటి లాగి చూడండమ్మా" అంది. నా చేతిలో మూడు చిరిగాయి. నాలుగోది లేచింది. "సైకిలు తొక్కే చెయ్యి కదండీ, తొరగానే కుదిరింది. ఆయ్!" అని నవ్వింది. నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి, ఆ రేకునే చుట్టి నాకు పెట్టింది.

మర్నాడు లొల్ల లాకులు చూశాను. కాలవ నీళ్ళు ఇక్కడ పంపకమవుతాయి. సినిమాల్లో చాలాసార్లు చూసిన చోటే. అక్కణ్ణుంచి వాడపల్లి వెంకన్న దర్శనం. ఏడు శనివారాలు వస్తానని మొక్కుకునే భక్తులతో ఆ గుడి శనివారం ఇసకేస్తే రాలదు. నేను వెళ్ళింది మామూలు రోజు కనక ప్రశాంతంగా అయింది.

గుడి బయట కొబ్బరికాయలమ్మే పెద్దావిడ సైకిల్నీ నన్నూ ఎగాదిగా చూసి "ఏం మొక్కమ్మా?" అని అడిగింది. బాసర నుంచి ఇదే ప్రశ్న. ఆడది ఒక్కతే ఇంత దూరం వచ్చిందంటే మొక్కయినా ఉండాలి, కష్టమయినా ఉండాలి. "మొక్కేం లేదండీ, గోదారి ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నేనీ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళోనే పెరిగాను. సముద్దరం నేనూ చూళ్ళేదు. నా వంతూ చూసిరా" అని చేతిలో ఓ కొబ్బరి ముక్క పెట్టింది.

ముందుకా, వెనక్కా?

ఆ రాత్రి కొత్తపేటలో పడుకుని, 23వ రోజు పొద్దున్నే అంబాజీపేట చేరాను. పేరున్న కొబ్బరి మార్కెట్టు అది. రోడ్డు పక్కన కొబ్బరికాయలు గుట్టలు గుట్టలు. అక్కడ పొట్టిక్కలు తినకుండా రాకండి. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టి ఎంత కమ్మగా ఉంటాయో!

గన్నవరం ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వెనక చక్రం పంక్చరయింది. కాలవ గట్టునే సైకిలు పడుకోబెట్టి, ట్యూబు లాగి, చెంబుడు నీళ్ళు తెచ్చి బుడగ ఎక్కడొస్తుందో వెతికాను. నాట్లేసే ఆడవాళ్ళు పని ఆపి గట్టెక్కారు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ముక్క అంటించేదాకా ఊపిరి బిగబట్టి చూశారు. ట్యూబులో గాలి నిలిచేసరికి వాళ్ళలో ఒకామె చప్పట్లు కొట్టింది. "మాయింటో కూడా సైకిలుందండీ. గాలి పోతే మా ఆయనొచ్చేదాకా అలాగే ఉంటది" అంది. మళ్ళీ చక్రం విప్పి, ఎలా చెయ్యాలో ఆమెకి చూపించి మరీ కదిలాను.

పి.గన్నవరం దగ్గర వైనతేయ నది మీంచి కాలవ దాటుతుంది. నది మీద కాలవ! 1850లలో కట్టిన పాత అక్విడక్టుకి 49 ఖానాలు. పక్కనే 2000లో కొత్తది వచ్చింది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

సీతమ్మగారి గురించి వినని వాళ్ళుండరు. 1841లో మండపేటలో పుట్టి, ఆ దగ్గర్లోని లంకలగన్నవరం కోడలిగా వచ్చి, 1909లో కన్నుమూసేదాకా వేళాపాళా చూడకుండా, కులం అడక్కుండా ఆకలన్న వాళ్ళకి అన్నం పెట్టిన తల్లి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ గురించి ఒక కథ చెప్పుకుంటారు. జీవితంలో ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని బయల్దేరారట. దారిలో ఆగిన చోట ఎవరో బాటసారులు ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెడుతూ, "కాసేపట్లో సీతమ్మగారింటికి చేరతాం, అన్నం పెడుతుంది" అనడం విన్నారట. అంతే, అంతర్వేది వదిలేసి వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి వంట మొదలుపెట్టారట.

ఆ కథ నెమరేసుకుంటూ అక్విడక్టు మీద నిలబడ్డప్పుడే మావారి ఫోను వచ్చింది. సంక్రాంతికి రావలసిన ఆడపడుచు వాళ్ళు ముందే బయల్దేరారు, రేపు సాయంత్రానికి దిగుతారు. "ఎనిమిది మంది. ఇంత దూరం వెళ్ళావు, చాల్లే. అంతర్వేది ఎక్కడికీ పోదుగా. కారు మాట్లాడి పంపించనా?" అన్నారు. కోపంగా కాదు, బెంగగానే అన్నారు.

ఏం చెప్పాలో తోచలేదు. ఇంకా ఒక రాత్రీ, ఒక పగలూ. ఇలాంటి వేళ వెనక్కి తిరగడం మనకి అలవాటే కదండీ. పుట్టింటి పెళ్ళి మధ్యలో లేచొచ్చాం, సినిమా ఇంటర్వెల్లో వచ్చేశాం. సీతమ్మగారు తిరిగింది ఆకలితో ఉన్న పిల్లల కోసం. మా ఇంట్లో ఆకలితో ఎవరూ లేరు. బియ్యం ఉన్నాయి, గ్యాసు ఉంది, వండగలిగిన పెద్దవాళ్ళు నలుగురున్నారు. లేనిదల్లా నేను. "ఎల్లుండి పొద్దున్నకి వస్తానండీ. పూర్తి చేసుకునే వస్తాను" అన్నాను.

అవతల కాసేపు మాటల్లేవు. తర్వాత ఫోను చెయ్యి మారింది. మా అత్తగారు. బయల్దేరేటప్పుడు నాతో మాట్లాడని మనిషి. "ఇవాళ ఎంత తొక్కావు?" అన్నారు. చెప్పాను. "రేపు కందబచ్చలి నేను వండుతాను. వాడు కూరలు తరుగుతాడు. చీకటి పడకుండా చేరుకో" అని పెట్టేశారు.

ఆ రాత్రి అప్పనపల్లి బాలబాలాజీ సన్నిధిలో, వైనతేయ గట్టున, 23 రోజుల్లో ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయాను.

నీళ్ళు కలిసే చోట

ఆఖరి రోజు నగరం, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. ఈ దారి ఎంత అందమో, అన్ని గాయాలు పడ్డది. 1995లో పాశర్లపూడి గ్యాసు బావిలో రేగిన మంట ఆర్పడానికి రెండు నెలలు దాటింది. 2014 జూన్‌లో నగరంలో గ్యాసు పైపు పేలి ఇళ్ళకిళ్ళే కాలిపోయాయి. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరిచెట్లు కూకటివేళ్ళతో లేచాయి. నేను మంచినీళ్ళు అడిగిన ఇంటి పెద్దాయన తోట చూపించి "ఇవన్నీ తుఫాను తర్వాత పెట్టినవేనండీ" అన్నారు. ఇప్పుడు తల వెనక్కి వంచితే గానీ వాటి గెలలు కనబడవు.

మూడు గంటలకి అంతర్వేది. 2020 సెప్టెంబరులో స్వామివారి రథం కాలిపోయింది గుర్తుందా? మరుసటి ఏడాది కల్యాణానికల్లా కొత్తది చేయించారు. మాఘ శుద్ధ దశమి రాత్రి జరిగే ఆ కల్యాణానికి జనం లక్షల్లో వస్తారు. నేను వెళ్ళిన రోజు మాత్రం గుళ్ళో పాతిక మంది కూడా లేరు.

దర్శనమయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు, ఇసకలో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. ఇటు నది నీళ్ళు మట్టిరంగు, అటు సముద్రం నీలం, మధ్యలో గీత గీసినట్టు నురగ. బాసరలో పాదాలు తడుపుకున్న నీళ్ళు ఇక్కడ అలలై మోకాళ్ళకి తగిలాయి. వాడపల్లి పెద్దావిడ కోసం ఒక చిన్న సీసాలో సముద్రపు నీళ్ళు పట్టాను. ఆ వైపు వెళ్ళే బంధువుల చేత పంపించాను కూడా.

పక్కన స్నానం చేస్తున్న కుటుంబంలో ఒకామె అడిగింది, "మొక్కాండీ?" అని. "కాదండీ, షికారు" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నా నోటి వెంట రావడం అదే మొదటిసారి. సాయంత్రం సఖినేటిపల్లి రేవులో సైకిలుతో సహా పంటు ఎక్కి నరసాపురం చేరి, అక్కణ్ణుంచి రైల్లో ఇంటికి.

మీరూ వెళ్ళాలనుకుంటే

ఎంత దూరమని కాదు, మీ ఊరి కాలవ గట్టున పది కిలోమీటర్లయినా సరే, ఇవి గుర్తుంచుకోండి.

బయల్దేరే ముందు నెల రోజులు పొద్దున్నే గంటసేపు తొక్కండి. సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే మోకాళ్ళు పట్టేస్తాయి. తొక్కుడు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపినట్టుండాలి.

పంజాబీ డ్రెస్సే హాయి. చున్నీ మాత్రం నడుముకి బిగించి కట్టండి, చక్రంలో పడితే ప్రమాదం.

బాత్రూమ్ ఇబ్బందికి భయపడి నీళ్ళు తాగడం మానకండి. బళ్ళు, పెట్రోలు బంకులు, గుళ్ళు ఉంటాయి. అన్నిటికంటే మేలు, ఆడవాళ్ళున్న ఇల్లు చూసి అడగడం. 24 రోజుల్లో ఒక్క గుమ్మంలో కూడా కాదనలేదు.

సున్నుండలు, వేయించిన అటుకులు, నిమ్మకాయ ఊరగాయ నాలుగైదు రోజులు పాడవకుండా ఉంటాయి. పంక్చరు సామాను, చిన్న గాలి పంపు, టార్చిలైటు సంచీలో ఉండాలి. చీకటి పడ్డాక తొక్కొద్దు. ఏ ఊళ్ళో ఆగారో రాత్రి ఇంటికి ఫోను చేసి చెప్పండి.

ఇక ఇంట్లో వంట సంగతంటారా? నేను వెళ్ళేసరికి ఎనిమిది మందీ భోజనాలు కానిచ్చి, నా కంచం మూతేసి ఉంచారు. కందబచ్చలిలో ఆవ కాస్త ఎక్కువయింది. అయినా గిన్నె ఖాళీ చేశాను.