సంవత్సరాదాయం ఎంత?

జూలై 7, 2025, సోమవారం

ఈ వారం రిమాండ్ డ్యూటీ నాది. టిఫిన్ బాక్సు మూత తీశానో లేదో కోర్టు కానిస్టేబుల్ వచ్చి పిలిచాడు. గంజాయి కేసులో ఇద్దరిని, సెల్‌ఫోన్ దొంగతనం కేసులో ఒక కుర్రాణ్ణి తెచ్చారు. మేజిస్ట్రేటు గారు ముగ్గురినీ ఒకేలా అడిగారు: "లాయర్ని పెట్టుకున్నారా? లేకపోతే ప్రభుత్వం తరఫున ఇస్తాం, కావాలా?" గంజాయి వాళ్లిద్దరూ తలూపారు. సెల్‌ఫోన్ కుర్రాడు మాత్రం "అక్కర్లేదండి" అన్నాడు.

ఎస్కార్టు వాళ్లని నాలుగడుగులు అవతల నిలబడమని చెప్పి, ఎందుకొద్దన్నావు బాబూ అని అడిగాను.

"మీరూ గవర్నమెంటే కద మేడం. ఆల్లకీ గవర్నమెంటే జీతం, మీకూ గవర్నమెంటే జీతం. నా తరపున ఏటి మాటాడతారు?"

ఆ అనుమానాన్ని తప్పు పట్టలేను. 2022 పథకం కింద ఈ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులు పెట్టాక నెల తిరిగేసరికి డబ్బు ఇస్తున్నది ప్రభుత్వమే. బయటి కేసులు ముట్టుకోకూడదు. నీ పక్కన నిలబడినందుకే నాకా డబ్బు, నీకు వ్యతిరేకంగా ఒక్క మాటన్నా నా పట్టా పోతుంది అని చెప్పాను. కాసేపు నా నల్లకోటు కేసి చూసి వకాల్తా మీద వేలిముద్ర వేశాడు. సంతకం రాదు.

కసబ్ కేసు తీర్పులో (2012) సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన రోజే లాయర్ని ఇవ్వాలి, ముద్దాయి తనంతట తాను వద్దంటే తప్ప. ఈ కుర్రాడు వద్దన్నది తనంతట తానేనా? నమ్మకం లేక అన్న మాట అది. ఆర్డరు షీటులో మాత్రం "నిరాకరించాడు" అని ఒక్క ముక్క పడి ఊరుకునేది.

కస్టడీలో ఉన్నవాడితో నాకున్న సుఖం ఒక్కటే. ఆదాయం ఎంత, కులం ఏమిటి అని అడగక్కర్లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో (జి) క్లాజు: కస్టడీలో ఉంటే చాలు, అర్హుడే.

జూలై 10, గురువారం

ముందు గదిలో గొడవ. వ్యాను డ్రైవరు, ఆయన భార్య. పాత మారుతి వ్యానులో బడిపిల్లల్ని దింపుతాడు. సంధ్యవేళ సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన్ని గుద్దాడు, మూడోరోజున ఆస్పత్రిలో ఆయన పోయాడు. బీఎన్ఎస్ 106(1) కేసు, అయిదేళ్ల వరకూ శిక్ష పడొచ్చు. బెయిలబుల్ కాబట్టి స్టేషన్‌లోనే వదిలారు. అంటే కస్టడీ లేదు. మగవాడు, బీసీ. ఇక మిగిలింది ఆదాయం క్లాజు ఒక్కటే.

మా గుమాస్తా బియ్యం కార్డు తెమ్మన్నాడు. లేదన్నారు. నాలుగు చక్రాల బండి ఉందని పోయిందట. "కార్డు లేదంటే మరి బీదవాళ్లు కాదనేగా అర్థం," అని ఫారం పక్కన పెట్టేశాడు.

ఆవిడ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "అమ్మా, బండి ఉందని కార్డు తీసేసినారు. కార్డు లేదని లాయర్ని ఇవ్వమంటన్నారు. బండి అమ్మేద్దమంటే అది స్టేషన్లో ఉంది."

కూర్చోబెట్టి లెక్క కట్టాను. రోజుకు పన్నెండొందలు వస్తాయి. నెలకు పాతిక రోజులు. ఏడాదికి 3,60,000. మన రాష్ట్రంలో పరిమితి 3,00,000. ఇక్కడితో ఆపితే అనర్హుడే. పెట్రోలు రోజుకు నాలుగొందల యాభై తీస్తే 2,25,000. ఫైనాన్స్ వాయిదా నెలకు ఏడువేల అయిదొందలు కూడా తీసేస్తే ఇంటికి చేరేది 1,35,000. ఇందులో ఏది ఆదాయం? చట్టం అంకె చెప్పి ఊరుకుంది, లెక్క ఎలా కట్టాలో చెప్పలేదు.

బియ్యం కార్డుకి పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మా హద్దు అంతకు రెట్టింపు పైనే. కార్డు ఉంటే మన దగ్గర అర్హుడని చెప్పొచ్చు. కార్డు లేనంత మాత్రాన అనర్హుడని చెప్పడానికి లేదు. గుమాస్తాకి 1987 చట్టంలో 13(2) తీసి చూపించాను: ఆదాయం గురించి మనిషి ఇచ్చిన అఫిడవిట్టే చాలనుకోవచ్చు, నమ్మకపోవడానికి కారణం ఉంటే తప్ప. తహసీల్దారు సర్టిఫికెట్ అని ఎక్కడా లేదు.

"రేపు ఆడిట్లో అడిగితే మేడం?"

అతని భయం అతనిది. కాయితం లేకుండా ఇస్తే అతన్ని అడుగుతారు. కాయితం లేదని తిప్పి పంపేస్తే ఎవరూ అడగరు.

జూలై 13, ఆదివారం

పొద్దున్న వదిన ఫోన్ చేసి, వాళ్ల వీధిలో వాళ్ల కేసు గురించి అడిగింది. కోడలు పెట్టిన వేధింపుల కేసు. ఏ1 కొడుకు, ఏ2 అత్తగారు. అత్తగారికి ఉచితంగా లాయర్ వస్తారా అని.

వస్తారు. ఆడవాళ్లకి ఆదాయ పరిమితి లేదు. అదే కేసులో కొడుకు ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, అతను సొంత డబ్బుతో పెట్టుకోవాలి. కోడలు భరణం కేసు వేస్తే ఆమెకీ మన న్యాయ సేవాధికార సంస్థే ప్యానెల్ లాయర్ని ఇస్తుంది. "అయితే ఇద్దరాడాళ్లకీ ఫ్రీ, మధ్యలో వాడికే ఖర్చు," అని నవ్వింది వదిన.

నవ్వొచ్చే మాటే కానీ ఆ క్లాజు పెట్టినవాళ్లకి మన ఇళ్ల సంగతి బాగా తెలుసు. ఆ అత్తగారి పేరున మేడ ఉంది, నిజమే. అద్దె ఏ బ్యాంకు ఖాతాలో పడుతుందో ఆవిడకి తెలీదు. నీ ఆదాయం ఎంతమ్మా అంటే భర్తనో కొడుకునో అడిగి చెబుతుంది. వాళ్లు చెప్పొద్దంటే చెప్పదు. భర్తమీదే కేసు పెట్టిన ఆవిడ అయితే మరి ఎవర్ని అడుగుతుంది? అందుకే ఆ ప్రశ్నే తీసేశారు.

దీనివల్ల స్తోమతున్న ఆడవాళ్లు కూడా వస్తారు. మొన్న చిట్‌ఫండ్ ముద్దాయి ఒకావిడ కారు దిగి వచ్చింది. మా చీఫ్ గారికి ఒళ్లు మండింది. ఆయనతో వాదించాను. అలాంటి పదిమందికి ఇవ్వడం వల్ల ప్రభుత్వానికి పోయేది కొంత డబ్బు. ఇవ్వాల్సిన ఒక్కరికి ఇవ్వకపోతే పోయేది ఆ మనిషి ఏళ్లు. రెండు తప్పుల్లో ఏదో ఒకటి తప్పదన్నప్పుడు మొదటి తప్పు ఎంచుకోవాలి. చట్టం ఎంచుకున్నదీ అదే.

జూలై 18, శుక్రవారం

జైలు విజిట్. ఆరు కిలోల గంజాయి కేసులో ఉన్న ఒక కుర్రాడికి మొత్తానికి షూరిటీలు దొరికాయి, సోమవారం బయటికొస్తాడు. ఇరవై కిలోల లోపు కాబట్టి ఎన్డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ అడ్డం రాలేదు. లేదంటే ఇప్పట్లో బెయిలు మాట లేదు.

సంతోషపడేలోపే ఆఫీసులో ఫైలు మీద చీటీ: "ముద్దాయి ఇక కస్టడీలో ఉండనందున అర్హత పత్రాలు సమర్పించవలెను." మేం తెచ్చిన బెయిలే మా సాయానికి ఎసరు పెట్టింది! లోపల ఉన్నన్నాళ్లూ అర్హుడు. బయటికొచ్చి, విచారణకి సాక్షుల్ని క్రాస్ చేయాల్సి వచ్చేసరికి మళ్లీ మొదటి ప్రశ్న.

సరే, ఎస్టీ అని రాద్దామనుకున్నాం. కుర్రాడు వాల్మీకి. పాడేరు పైన ఊరు. ఏజెన్సీలో వాల్మీకులు ఎస్టీ, మైదానంలో బీసీ. వీడు నాలుగేళ్లుగా ఘాట్ దిగి మన టౌన్లో హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాడు. ఆధార్ ఇక్కడిది, తాత ముత్తాతల ఊరు అక్కడిది. సర్టిఫికెట్ అక్కడి తహసీల్దారు ఇవ్వాలి. తెచ్చేవాళ్లెవరు? తల్లికి బస్సు ఛార్జీ కూడా భారమే.

గుమాస్తా కులం కాయితం కోసం పాడేరు ఫోన్ చేస్తానన్నాడు. వద్దన్నాను. హోటల్లో ప్లేట్లు కడిగేవాడి ఆదాయం మూడు లక్షల లోపని నమ్మడానికి కులమెందుకు? ఒక్క అఫిడవిట్‌తో అయిపోతుంది. ఏ క్లాజు కింద అర్హుడో తేలకపోవడం వేరు, అర్హుడు కాకపోవడం వేరు.

జూలై 24, గురువారం

కొత్తగా చేరిన అసిస్టెంట్ అమ్మాయి భోజనాల దగ్గర అడిగింది: "మేడం, ఇదంతా రాజ్యాంగంలో మొదట్నించీ ఉందా?"

లేదమ్మా అని నల్గొండ కథ చెప్పాను. తెలంగాణ పోరాటంలో రైతుల్ని ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించి ఉరిశిక్షలు వేశాయి. మాకు లాయర్ని పెట్టుకునే అవకాశం ఇవ్వలేదని వాళ్లు సుప్రీంకోర్టుకెళ్లారు. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ స్టేట్, 1951. లాయర్ లేకపోయినంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదు అంది కోర్టు. నీకు నచ్చిన వకీలుని పెట్టుకునే హక్కుంది, పెట్టుకోలేకపోతే ప్రభుత్వమే ఇచ్చి తీరాలన్న హక్కు లేదని అప్పటి మాట.

1976లో ఉచిత న్యాయ సహాయం మీద 39ఎ అధికరణం వచ్చింది. 1978లో హోస్కోట్, 1979లో హుస్సైనారా తీర్పులు. ఆ తర్వాత నాకిష్టమైన కేసు సుక్‌దాస్, 1986. అరుణాచల్‌లో చిన్న ప్రభుత్వోద్యోగి, ఇంజనీరుని బెదిరించాడని రెండేళ్ల శిక్ష. లాయర్ లేడు. సాక్షుల్ని క్రాస్ చేయడం ఆయనకేం తెలుసు? ఆయన అడగలేదు కాబట్టి విచారణ చెల్లుతుందని హైకోర్టు అంది. తనకా హక్కుందని తెలియనివాడు ఎలా అడుగుతాడని సుప్రీంకోర్టు శిక్షే కొట్టేసింది.

"మరి మనం దరఖాస్తు ఫారం ఎందుకు నింపిస్తున్నాం మేడం?" అంది అమ్మాయి.

బాగా అడిగింది. ఫారం మన రికార్డు కోసం. మనిషిని గుమ్మం దగ్గర ఆపడానికి కాదు. రేపట్నించి ముందు గదిలో తను కూర్చుంటానంది. మొదట కస్టడీ, తర్వాత ఆడమనిషా, పద్దెనిమిది లోపా, ఎస్సీ ఎస్టీయా, వికలాంగులా, కార్మికుడా. వీటన్నిటికీ కాదంటేనే ఆదాయం అడుగుతుందట.

వ్యాను డ్రైవరు అఫిడవిట్ మన సంస్థ కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. పెట్రోలు, వాయిదా రెండూ అందులోనే రాయించాను, రేపెవరైనా దాచాడనకుండా.

జూలై 31, గురువారం

ఇవాళ వచ్చినాయన ప్రైవేటు స్కూలు మాస్టారు. గట్టు తగాదాలో దాయాది చెయ్యి విరిగింది, 117(2) కేసు. ఛార్జిషీటు పడింది. జీతం 26,000. ఏడాదికి 3,12,000.

జీతం బ్యాంకులో పడుతుంది, దాచేదేం లేదు. మందుల కంపెనీలో హెల్పరైతే ఎంత జీతమున్నా పారిశ్రామిక కార్మికుడి క్లాజు కింద వచ్చేవాడు. మాస్టారు కార్మికుడి కిందికి రాడని 1988లోనే సుందరాంబాళ్ కేసులో తేలిపోయింది. ఇద్దరు పిల్లలు, పక్షవాతం తండ్రి. సీనియర్ గారు కేసు మొత్తానికి నలభై వేలు అడిగారట.

"రెండు లక్షల తొంభై అని రాస్తే సరిపోయేది కదండీ?" అని తనే నవ్వాడు. రాస్తే ఒప్పుకునేవాళ్లమే, పట్టుకునేవాళ్లు లేరు. మాట మీద నడిచే పద్ధతిలో నిజం చెప్పినవాడే నష్టపోతున్నాడు. అయినా అఫిడవిట్ తీసేసి సర్టిఫికెట్లు పెట్టమని నేను అనను. దానికి వాల్మీకి కుర్రాడు, వ్యాను డ్రైవరు బలైపోతారు. తప్పు నమ్మకంలో లేదు, గీతలో ఉంది. గీతకి ఇటు అంతా ఉచితం, అటు పైసా సాయం లేదు. ఇంగ్లండులో క్రౌన్ కోర్టు కేసులకి మధ్యతరగతి దగ్గర నెలనెలా వాటా తీసుకుని, నిర్దోషి అని తేలితే వెనక్కిస్తారు. మన దగ్గర ఆ మెట్టు లేదు.

తిరస్కరణ రాస్తూ మళ్లీ బీఎన్ఎస్ఎస్ తిరగేశాను. 341వ సెక్షన్. పాత సీఆర్పీసీ 304లో సెషన్స్ విచారణ అని ఉండేది. కొత్తదాంట్లో ఏ కోర్టులోనైనా, విచారణైనా అప్పీలైనా. ముద్దాయికి లాయర్ని పెట్టుకునే స్తోమత లేదని కోర్టుకి తోస్తే ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలి. అందులో అంకె లేదు. ఎంత సంపాదిస్తున్నాడని కాదు, ఈ కేసు ఖర్చు మోయగలడా అన్నదే ప్రశ్న.

సోమవారం వాయిదాకి సొంతంగా మెమో వేయమన్నాను.

ఆగస్టు 4, సోమవారం

మాస్టారు తెలుగులోనే రాసుకొచ్చాడు, ఒకటిన్నర పేజీ, దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఏపీపీ గారు మూడు లక్షల పరిమితి గుర్తుచేశారు. మేజిస్ట్రేటు గారు విని, మాస్టారినే అడిగారు. ఇంట్లో ఎంతమంది? తండ్రి మందులకి ఎంతవుతుంది? లాయర్ గారు ఎంత అడిగారు? నాలుగోసారికి గానీ సంవత్సరాదాయం దగ్గరికి రాలేదు.

341 కింద ఆర్డరు వేశారు. కేసు నాకే అప్పగించారు. రేపు ఛార్జిషీటు నకలు తీసుకోవాలి, ఎముకల డాక్టరు రిపోర్టు తారీఖు ఎఫ్ఐఆర్‌తో పొసగడం లేదని మాస్టారు అంటున్నాడు. అదే ముందు చూడాలి.