ర్యాక్‌లో ఒక ఖాళీ అర

పోయిన యాన్యువల్ డే నాడు స్టేజి మీద మా ఎనిమిదో తరగతి బాబు గిటార్ శ్రుతి చేసుకుంటూ ఒక తీగ మరీ బిగించేశాడు. ఆ కీచుమన్న చప్పుడు స్పీకర్లలోంచి హాలంతా వినిపించింది. ముందు వరసలో ఎవరో నవ్వారు, వెనకే అందరూ నవ్వారు. బ్యాండ్ ఇన్‌చార్జిని నేను. నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకోవాలి. ఆ తర్వాత వాడు మ్యూజిక్ పీరియడ్‌లో గిటార్ ముట్టుకోలేదు. అడిగితే "వేళ్ళు నొప్పి మేడమ్" అన్నాడు.

కర్ణాటక కచేరీలో తంబుర శ్రుతి వేదిక మీదే చూసుకుంటారు. మృదంగం వాయించేవారు చిన్న రాయితో టక్ టక్ కొట్టి సరిచేసుకుంటారు. అక్కడ ఎవరూ నవ్వరు. మా పిల్లలకు ఆ మర్యాద దొరకలేదు.

జూన్‌లో ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరకు వెళ్ళి, ట్యూనర్ కావాలన్నాను. "క్లిప్పులు కొన్నాం కదమ్మా?" అన్నారు. కొన్నాం. గిటార్ తలకు తగిలించే చిన్న క్లిప్ ట్యూనర్లు ఆరు. సంక్రాంతి సెలవుల తర్వాత చూస్తే రెండే మిగిలాయి, అందులో ఒకదానికి బ్యాటరీ లేదు. ఇంట్లో నేర్చుకునే పిల్లలకైతే నేను క్లిప్పే కొనమంటాను. చవక, కేబుల్ అక్కర్లేదు. చెక్కలోని కదలికను పట్టుకుంటుంది కాబట్టి పక్కన టీవీ మోగుతున్నా పనిచేస్తుంది. స్కూలుకు మాత్రం జేబులో పట్టనిది కావాలి!

మా ఆడిటోరియంలో తెర పక్కన సౌండ్ సిస్టమ్ పెట్టిన ర్యాక్ ఉంది. ఈ ర్యాక్ సామాన్లన్నీ 19 అంగుళాల వెడల్పు కొలతకే వస్తాయి, ఒక్కో అర ఎత్తు 1.75 అంగుళాలు. మాదాంట్లో సరిగ్గా ఒక అర ఖాళీ. అందులో పట్టే ట్యూనర్లు చూడటం మొదలుపెట్టాను.

గిటార్ కేబుల్ ట్యూనర్‌లోకి, అక్కడి నుంచి యాంప్లిఫైయర్‌కి. మ్యూట్ నొక్కితే తీగ మోత స్పీకర్లకు పోదు, ట్యూనర్‌కు మాత్రం అందుతుంది. నాకు కావలసింది ఆ ఒక్క బటన్. ఇంకా, చీకట్లో నాలుగడుగుల దూరం నుంచి కనిపించే పెద్ద లైట్లు. సెంట్‌లో పదో వంతు తేడా కూడా చూపించే ఖరీదైన స్ట్రోబ్ రకాలు ఉన్నాయి. సెంట్ అంటే రెండు పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు. తీగను కాస్త గట్టిగా మీటితేనే స్వరం అంతకన్నా ఎక్కువ జరుగుతుంది, మా పిల్లలకు అది దండగ. వాళ్ళకు ఇంకా 'ఫ్లాట్' అంటే అపార్ట్‌మెంట్‌లో ఇల్లే. గిటార్లకు పికప్ ఉందో లేదో ముందే చూసుకున్నాను. పికప్ లేని గిటార్‌కు కేబుల్ పెట్టలేం, ట్యూనర్ ఉన్నా లేనట్టే.

మధ్యరకం ఒకటి కొన్నాం. రిహార్సల్ రోజు పిల్లలు తెర చాటున వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు కేబుల్ పెట్టుకుని శ్రుతి చేసుకున్నారు. హాల్లో చిన్న చప్పుడు లేదు. నలుగురికీ ఆకుపచ్చ లైటు వెలిగింది. నాలుగోవాడు మా బాబే. బయట నుంచి ఎవరికీ వినపడదని రెండుసార్లు చూపించాక గిటార్ పట్టుకున్నాడు.

పాట మొదలైంది. నాకు బాగానే ఉంది. వాడు మాత్రం మధ్యలో ఆపేశాడు.

"మేడమ్, మేం నలుగురం కలిశాం. కీబోర్డుతో కలవట్లేదు."

"లైట్ ఓకే అంది కదరా?"

"లైటే తప్పేమో మేడమ్."

వెళ్ళి చూస్తే ట్యూనర్ మూలన 442 అని ఉంది. కీబోర్డులో 'ఎ' స్వరం మామూలు 440 హెర్ట్జ్. తేడా దాదాపు 8 సెంట్లు. పొద్దున దుమ్ము తుడుస్తూ ఆ బటన్ నొక్కింది నేనే.

వాడే దాన్ని 440కి దించాడు. తర్వాత మ్యూట్ నొక్కి, మిగతా ముగ్గురినీ మళ్ళీ వరసలో నిలబెట్టాడు.