ఇఱ్ఱి

మన నిఘంటువులలో 'ఇఱ్ఱి' యను మాటకు సాధారణముగా దొరకు నర్థము లేడి, జింక, కాకున్న 'మృగవిశేషము'. ఈ విశేష శబ్దము పండితుల పాలిటి కామధేనువు. ఎఱుగని చెట్టు వృక్షవిశేషము, చూడని పిట్ట పక్షివిశేషము!

కాని ఇఱ్ఱి లేడి కాదు, లేడికి మగడు. 1867లో అచ్చయిన భారతదేశపు క్షీరదముల గ్రంథమున జెర్డన్ దొర కృష్ణజింక తెలుగు పేర్లు చెప్పుచు, మగదానికి ఇఱ్ఱి యనియు, ఆడుదానికి వేఱుగా లేడి యనియు వ్రాసెను. ఆయన వైద్యుడు. వేటకాండ్రను అడిగి తెలిసికొన్నట్లు తోచును. మన కోశకారులు వారి నడుగుట యెన్నడు? తమిళుల తొల్కాప్పియము మరబియల్ భాగమున మగజంతువుల పేర్లు లెక్కించుచు 'ఇరలై'ని చేర్చినది. అది మన ఇఱ్ఱికి తోబుట్టువు.

ఆ జంతువును చూచినవారికి రెండు పేర్లేల యను సందేహము కలుగదు. ఈడు వచ్చిన మగదాని వీపు కాఱునలుపు, కడుపు తెలుపు, కొమ్ములు మెలిదిరిగి నిక్కియుండును. ఆడుది లేత గోధుమవన్నెది; దానికి కొమ్ములు సాధారణముగా నుండవు. పుంజును 'మగపెట్ట' యనువాడు మన యూళ్లలో నవ్వులపాలగును గదా! ఇఱ్ఱిని మగలేడి యనుటయు నంతే.

ఇంగ్లీషున 'హార్ట్' అను పాతమాట గలదు. ఎఱ్ఱదుప్పులలో ఐదేండ్లు దాటిన మగదానికి వేటకాండ్రు పెట్టిన పేరది. కొమ్ము అను నర్థముగల మూలమునుండి పుట్టి, మన శృంగ శబ్దమునకు దూరపు దాయాది యైనది. బేవుల్ఫ్ కావ్యమున రాజసభకు సైతము ఆ పేరే. చిత్రమేమనగా, 'డీర్' అన్న ఒకప్పు డేజంతువైనను కావచ్చును. మన మృగ శబ్దమును అట్టిదే, లేకున్న సింహము మృగరాజెట్లగును? వేట ప్రబలినచోట రెండు మాటలును జింకజాతివైపు కుంచించుకొనినవి.

అంతమాత్రమున హార్ట్‌ను ఇఱ్ఱి యని తెలిగించుట నాకు సమ్మతము కాదు. హార్ట్ కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. ఇఱ్ఱి కొమ్ములు రాలవు. ఆ మాటను దాని జంతువునకే యుంచవలెను.

నా తరగతిలో స్టాగ్ అన్న నెఱుగనివాడు లేడు; ఇఱ్ఱి యన్న నొక్కడును తలయెత్తడు. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు. కర్నూలు రైతు తన పైరు మేసిపోయినదని దానిని తిట్టుచునే యున్నాడు. అనగా జంతువు ఇంకను మన పొలములలోనే యున్నది. వాచకమున దాని బొమ్మ వేసినప్పుడు, నల్లదాని క్రింద ఇఱ్ఱి యనియు, గోధుమవన్నెదాని క్రింద లేడి యనియు అచ్చువేయుటకు మన కేమి వెచ్చమగును?