డిక్కీ కర్ర

మా గ్యారేజీలో రెండు బళ్ళున్నాయి. ఒకటి నా వ్యాను. పిల్లాడి క్రికెట్ కిట్టు, బియ్యం బస్తాలు, గుడికి తీసుకెళ్ళే పులిహోర గిన్నెలు, అన్నీ దాన్లోనే. రెండోది మా ఆయన కమారో. దానికి ఇంటి పనులేమీ ఉండవు. ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వస్తారు, అంతే.

ఆయన 2000లో మిషిగన్ వచ్చిన కొత్తలో ఆఫీసు పార్కింగులో అలాంటి ఎర్ర కారు రోజూ కనిపించేదట. అప్పటికి ఆయనకున్నది ఒక పాత బండి, అదీ రూమ్మేటుతో వాటా. "ఎప్పటికైనా" అనుకున్నారట. ఆ ఎప్పటికైనా 2011లో వచ్చింది. సరిగ్గా అదే సంవత్సరం మోడలు, అదే ఎరుపు, కాకపోతే 11 ఏళ్ళు వాడేసిన బండి. ఆ తరం కమారోలు కెనడాలో క్యుబెక్‌లో తయారయ్యాయనీ, 2002లో ఆపేసి మళ్ళీ 2009 దాకా ఆ పేరుతో బండే చెయ్యలేదనీ నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నేను నేర్చుకున్నవి కాదు, వినీ వినీ వచ్చేశాయి.

ఆ కారుకి వెనక డిక్కీ అంటే మన అంబాసిడర్ డిక్కీలా రేకు మూత కాదు. సీట్ల వెనక నుంచి తోక దాకా ఒకటే పెద్ద అద్దం, దాని చివర రెక్క. మొత్తం ఒక్క తలుపులా పైకి లేస్తుంది. చాలా బరువు. లోపల సామాను పెట్టుకునే చోటు నుయ్యిలా లోతుగా ఉంటుంది. అడుగున పెట్టిన సంచీ తియ్యాలంటే నడుము దాకా లోపలికి వంగాల్సిందే. అంటే తల సరిగ్గా ఆ అద్దం కిందే ఉంటుంది.

ఆ తలుపుని పైన నిలబెట్టేవి రెండు వైపులా ఉండే రెండు నల్ల గొట్టాలు. లిఫ్ట్ సపోర్టులంటారు. ముందు బానెట్‌కి కూడా అలాంటివే రెండు. సైకిలు పంపుకి మూతి మూసేసి కడ్డీని లోపలికి నొక్కితే అది చేతిని వెనక్కి నెడుతుంది చూడండి, ఇదీ అంతే. గొట్టంలో నైట్రోజన్ వాయువుని బాగా ఒత్తి నింపి మూసేస్తారు, కాస్త నూనె కూడా పోస్తారు. కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు సీలు గట్టిగా ఉన్నంతకాలం ఆ వాయువు తలుపుని ఎత్తి పట్టుకుంటుంది. ఏళ్ళు గడిచి సీలు అరిగితే వాయువు కొంచెం కొంచెంగా పోతుంది. ఒక్కరోజులో పోదు. అదే వచ్చిన చిక్కు. మనం అలవాటు పడిపోతాం.

మేమూ అలాగే అలవాటు పడ్డాం. మొదట చలికాలంలో మాత్రం డిక్కీ నిలబడేది కాదు, ఎండాకాలం వస్తే నిలబడేది. చల్లబడితే వాయువు ఒత్తిడి తగ్గుతుంది కదా, అందుకు. "చూశావా, బాగానే ఉంది" అనేవారాయన జూన్ నెలలో. రెండేళ్ళకి జూన్‌లోనూ నిలబడడం మానేసింది. అప్పుడు పాత మాపు కర్ర కోసి ఒక ఊతం తయారు చేశారు. దానికి మా ఇంట్లో డిక్కీ కర్ర అని పేరు కూడా పెట్టాం. బానెట్‌కి ఇంకో కర్ర. కర్ర కనపడకపోతే "ఇదిగో, ఒకసారి వచ్చి పట్టుకో" అని కేక. నేను చెయ్యెత్తి నిలబడేదాన్ని, పొయ్యి మీద పోపు మాడిపోయేది.

"మార్పించకూడదూ?" అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. కారు తుడవడానికి ఖరీదైన గుడ్డలు కొంటారు, మైనం కొంటారు. దీనికి మాత్రం "చూద్దాంలే, కర్ర ఉందిగా" అనేవారు.

నిరుడు వేసవిలో అత్తయ్య వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. ఆవిడకి 74 ఏళ్ళు. తణుకు దగ్గర పల్లెటూరు. మొదటిరోజే డిక్కీ కర్ర చూసి, "ఇదేంట్రా, మన బడ్డీ కొట్టు తలుపులా ఉందీ" అని నవ్వారు. ఆయన నవ్వలేదు. నేనప్పుడు పట్టించుకోలేదు.

అక్టోబరు చివర్లో ఒక శనివారం ఇండియన్ స్టోరుకి వెళ్ళాం. అత్తయ్య "కప్ప కార్లో" వస్తానన్నారు, ఆ కారుకి ఆవిడ పెట్టిన పేరది. తల్లీకొడుకులు అందులో, నేనూ మా అబ్బాయీ వ్యానులో. ఇంటికి వచ్చేసరికి వాళ్ళు మాకంటే ముందే చేరి డిక్కీ తీసి ఉన్నారు. ఆయన 20 పౌన్ల బియ్యం బస్తా భుజాన వేసుకుని నాలుగడుగులు వేశారు. అత్తయ్య అడుగునున్న ఆనపకాయ సంచీ కోసం లోపలికి వంగారు. సంచీ పిడి కర్రకి తగులుకుంది. ఆవిడ లాగారు.

నేను వ్యాను దిగుతూ చూశాను. అరవడానికి కూడా నోరు రాలేదు. ఆయన బస్తా ఎక్కడ వదిలేశారో, ఎలా దూకారో తెలియదు, అద్దానికీ ఆవిడ తలకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టారు. దెబ్బ ఆయన మోచేతి మీద పడింది. అత్తయ్యకి జుట్టు చెదిరింది, అంతే. ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయి, "నాకేం కాలేదురా, నీ చెయ్యి చూసుకో" అంటూనే ఉన్నారు.

ఆయన చెయ్యి వాచింది, ఎముక విరగలేదు. కానీ ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మందు రాస్తూ, "పోనీలెండి, గండం గడిచింది" అంటే ముఖం తిప్పుకున్నారు. నాలుగేళ్ళుగా చెబుతున్నాను అనే మాట నా నాలిక చివర దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

ఆయన పడుకున్నాక అత్తయ్య వంటింట్లోకి వచ్చారు. పాలు కాచి ఇచ్చాను. ఆవిడ ఎడమ మణికట్టు దగ్గర ఎముక కాస్త పైకి ఉబ్బి ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. చిన్నప్పుడు పడ్డారని ఎవరో అంటే అంతే అనుకున్నాను.

"వాడు తిండి మానేసింది ఈ దెబ్బకి కాదమ్మాయ్" అన్నారు. మామయ్యగారికి ఊళ్ళో బడ్డీ కొట్టు ఉండేదని తెలుసు. ఆ కొట్టుకి పైకెత్తే రేకు తలుపు, దాని కింద వెదురు కర్ర. ఒక మధ్యాహ్నం ఆవిడ కొట్టు బల్ల మీద చెయ్యి పెట్టి బెల్లం కొడుతుంటే కర్ర గాలికి జారి తలుపు ఆ చేతి మీద పడిందట. ఊళ్ళోనే కట్టు కట్టించారు, ఎముక వంకరగా అతుక్కుంది. "అప్పటికి వీడికి ఏడేళ్ళు. ఆ పూటంతా ఇంటికి రాకుండా పశువుల పాకలో దాక్కున్నాడు" అన్నారు. గాలికి జారితే పిల్లాడెందుకు దాక్కున్నాడని నాకు తోచింది. అడగలేదు.

మర్నాడు ఆయన్ని అడక్కుండానే నేనూ మా అబ్బాయీ కూర్చుని సపోర్టులు ఆర్డరు చేశాం. కారు మోడలు, సంవత్సరం, డిక్కీ మీద రెక్క ఉందా లేదా, అన్నీ చూసి తీసుకోవాలి. రెక్క ఉంటే బరువు ఎక్కువ, దానికి తగ్గ బలమున్నవి కావాలి. గొట్టం మీద ఆ బలం న్యూటన్లలో అచ్చేసి ఉంటుంది. ఒకవైపు పాతది, ఒకవైపు కొత్తది పెట్టకూడదు, తలుపు మెలితిరుగుతుంది. జతగానే మార్చాలి. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగూ కలిపి 80 డాలర్ల లోపే అయ్యాయి. బిల్లు చూసి చాలాసేపు కూర్చున్నాను. మా నలుగురం ఒకసారి బయట భోజనం చేస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది.

తరవాతి శనివారం గ్యారేజీలో పని మొదలుపెట్టాం. ఆయన ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. కాబట్టి స్క్రూడ్రైవరు నా చేతికి వచ్చింది. ముందు బానెట్‌తో మొదలెట్టాం, అది తేలిక. మా అబ్బాయి బానెట్ పట్టుకున్నాడు. సపోర్టుకి రెండు చివర్లా గిన్నెలాంటి భాగం ఉంటుంది, అది బండికి ఉన్న గుండ్రటి గుండు మీద కూర్చుంటుంది. గిన్నె మీద చిన్న స్ప్రింగు క్లిప్పు. సన్నటి స్క్రూడ్రైవరు కొన దాని కింద దూర్చి కొంచెం పైకి లేపితే చాలు, పూర్తిగా ఊడదీయక్కర్లేదు. లాగితే గిన్నె ఊడి వస్తుంది. ముక్కుపుడక శీల తియ్యడమంత కష్టం కూడా లేదు. ఇన్నేళ్ళూ ఇదేదో మెకానిక్కుల బ్రహ్మవిద్య అనుకున్నాను.

రెండూ ఒకేసారి తియ్యకూడదు. ఒకటి తీసి, కొత్తది పెట్టి, అప్పుడు రెండోది. కొత్తది పెట్టేటప్పుడు లావు గొట్టం పైకి, సన్న కడ్డీ కిందికి. తలుపు మూసి ఉన్నప్పుడు కడ్డీ కిందికి ఉంటే లోపలి నూనె సీలు దగ్గర నిలిచి దాన్ని తడిగా ఉంచుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది. ఆ కడ్డీని పట్టకారుతో పట్టుకోకూడదు. గీత పడితే సీలు కోసుకుపోతుంది.

డిక్కీకి వచ్చేసరికి ఒకవైపు మా అబ్బాయి, ఒకవైపు ఆయన, కుడి చేత్తో అద్దాన్ని ఎత్తి పట్టుకున్నారు. అత్తయ్య శాలువా కప్పుకుని టార్చి పట్టుకున్నారు. నేను లోపలికి దూరి క్లిప్పు లేపుతున్నాను.

"అమ్మా" అన్నారాయన, అద్దం వైపే చూస్తూ.

"ఊఁ."

"ఆ రోజు కొట్లో కర్ర నేనే తీశాను."

టార్చి వెలుగు కదల్లేదు. "తెలుసురా" అన్నారు అత్తయ్య. "బిళ్ళంగోడు చెక్కుకుందామని పట్టుకెళ్ళావు. చూశాను."

"మరి నాన్నకి గాలికి పడిందని..."

"మీ నాన్న కోపం నీకు తెలియదా? నీ వీపు చీరేసేవారు. నా చెయ్యి ఎలాగూ విరిగింది, మళ్ళీ నీ వీపు కూడా ఎందుకని."

ఆయన ఏమీ అనలేదు. 42 ఏళ్ళు ఆయన అమ్మకి తెలియదనుకున్నారు. ఆవిడ తెలుసని చెప్పకుండా ఊరుకున్నారు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరి ముఖం చూడాలో తెలియలేదు. మా అబ్బాయికి సగమే అర్థమైంది కాబోలు, "మామ్మా, బిళ్ళంగోడంటే ఏంటి?" అని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. నేను కొత్త సపోర్టు గుండు మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కాను. టక్కుమంది. రెండోవైపు కూడా అయ్యాక "ఇంక వదలండి" అన్నాను.

మా అబ్బాయి వదిలేశాడు. ఆయన వదల్లేదు. చెయ్యి రెండంగుళాలు కిందికి దించి, కాసేపు ఆగి, అప్పుడు తీశారు. అద్దం కదలకుండా నిలబడింది.

తీసిన పాతదాన్ని నేల మీద నిలబెట్టి నొక్కితే బాల్ పెన్నులా లోపలికి పోయింది, మళ్ళీ పైకి రాలేదు. కడ్డీ పొడుగునా జిడ్డు. కొత్తదాన్ని ముందే నొక్కి చూశాం, మా అబ్బాయి మొత్తం బరువు వేసినా దిగలేదు. పాతవాటిలోనూ ఇంకా కొంచెం ఒత్తిడి ఉండొచ్చు. వాటిని పొడవడం, కోయడం, మంటలో వెయ్యడం చెయ్యకండి. మేము పాత ఇనుము తీసుకునే చోట ఇదేమిటో చెప్పి ఇచ్చాం.

కొత్తవి పెట్టాక డిక్కీ మూయడానికి కాస్త బలం కావాలి. మొదటిసారి అత్తయ్యే మూశారు, రెండు చేతులతోనూ. ఆ వంకర మణికట్టు పక్కన ఆయన చెయ్యి కూడా వేశారు.

డిక్కీ కర్రని అత్తయ్య పారెయ్యనివ్వలేదు. ఆవిడ డిసెంబరులో వెళ్ళిపోయారు, కర్ర గ్యారేజీ మూలనే ఉంది. మొన్న మే నెలలో చిక్కుడు పాదుకి దాన్నే పాతాను.

ఈ రోజు ఒక్క పని చెయ్యండి. మీ కారు డిక్కీ, బానెట్ పూర్తిగా ఎత్తి, చెయ్యి దగ్గరే ఉంచుకుని మెల్లగా వదిలి చూడండి. నిలబడితే సరే. కిందికి దిగుతుంటే మాత్రం "చూద్దాంలే" అనకండి, ఎవర్నీ అననివ్వకండి. దాని కింద వంగేది మన ఇంట్లో వాళ్ళే.