బోస్టన్ పాత ఇంట్లో మన ఊరి రాయి

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని బోస్టన్ నగరంలో సౌత్ ఎండ్ అనే పేటలో కాపురముంటున్నారు. దేవుని దయవలన కిందటేడు నేనూ మావారూ వెళ్లి రెండు నెలలు వారి దగ్గర ఉండి వచ్చాము.

పేటంతా ఎర్ర ఇటుకల ఇళ్లే. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు, పక్కపక్క ఇళ్లకు గోడ ఒకటే. ముందు గోడ విల్లులా వీధిలోకి వంగి ఉంటుంది. ఎత్తయిన మెట్లెక్కి లోపలికి పోవాలి. 1850 ప్రాంతాల్లో కలిగినవారి కోసం కట్టారట. వారు వేరే పేటలకు తరలిపోయాక ఇవి గదుల లెక్కన అద్దెకిచ్చే బసలయ్యాయి. తరువాత బాగుచేసి, అంతస్తుల వారీగా విడదీసి అమ్మారు. మన ఒంగోలు అపార్టుమెంటులాంటిదే. అక్కడ కాండో అంటారు.

ఆ నేల ఒకప్పుడు సముద్రపు పోటు వచ్చే బురదపర్ర. మట్టి పోసి పూడ్చారు. అక్కడ ఎన్నో ఇళ్ల పునాదుల కింద కర్ర దుంగలే ఉన్నాయి! భూమిలో నీరున్నంత కాలం అవి చెక్కుచెదరవు. నీరు దిగిపోయి గాలి తగిలితే పుచ్చిపోతాయి. అందుకే నీటిమట్టం కొలిచి చూడడానికి 1986లో ఒక ట్రస్టునే పెట్టారు. బోరు ఎండితే మనకు మిరపతోట దిగులు, వారికి ఇంటి దిగులు.

1983 నుండి ఈ పేట రక్షిత ప్రాంతం. వీధిలోకి కనబడే తలుపు గాని కిటికీ గాని మార్చాలంటే నగరంవారి అనుమతి కావాలి. లోపల మాత్రం ఎవరి ఇష్టం వారిది.

ఆ లోపలే మావారు ఆగిపోయారు. వంటింటి గట్టు నల్లరాయి. నిండా బంగారు చుక్కలు. అవి బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. అయినా చీమకుర్తివాళ్లకు ఆ చుక్కలు వేరే చెప్పాలా? ఆయన పదిహేనేళ్లు రామతీర్థం క్వారీల్లో రాతికి బెజ్జాలు వేసే మిషను పట్టారు. చెవుల్లో దూది కుక్కుకోవడం తప్ప వేరే రక్షణ ఎరుగరు. ఇప్పుడు నేను గట్టిగా అరిస్తేనే వినబడుతుంది.

గట్టు అంచు వెంట వేళ్లు నడిపించి, "బెజ్జాల గుర్తులు బిళ్లలు కోసేటప్పుడే పోతాయిలే" అన్నారు. అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. తన చదువుకు ఫీజులు ఆ కూలితోనే కట్టాము. ఆ రాయి లేకపోతే ఆ ఇంట్లో తను ఉండేదీ కాదు. అలాగని సంతోషించడానికి నాకు నోరు రాలేదు. వాళ్లు తలుపు మార్చడానికి అనుమతి అడుగుతారు. మా ఊరి వెలుపల, మావాళ్లు పత్తి వేసిన చేను ఉన్నచోట, తొంగిచూస్తే కళ్లు తిరిగే గుంట ఉంది.

ఒక సాయంత్రం కింది అంతస్తు పెద్దావిడ టీకి వచ్చి గట్టును మెచ్చుకుంది. "బ్లాక్ గెలాక్సీ కదూ, మాదీ అదే. ఇటలీదా?" అంది. అమ్మాయి నవ్వి నాన్నను చూపించింది. విషయం చెవిలో అరిచి చెప్పాక ఆయన లేచి నిలబడి, "చీమకుర్తి" అన్నారు. ఆవిడ మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి సరిగ్గానే పలికింది.