తీగకు తగ్గ కొస

మీ ఇంట్లో పాత గాలం కర్ర ఉందా? ఉంటే ఇది చదివే ముందు దాన్ని బయటికి తీయండి. కొంచెం దూది కూడా దగ్గర పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను పుట్టింది డర్బన్‌లో. ఇప్పుడు ఉంటున్నది అల్ నహ్దాలో. ఈ పేటకు ఒక వింత ఉంది. సగం షార్జాలో ఉంటుంది, సగం దుబాయ్‌లో ఉంటుంది. మధ్య రోడ్డు దాటితే ఎమిరేట్ మారుతుంది కానీ పేరు మారదు. నాది షార్జా వైపు. మా బాల్కనీలోంచి చూస్తే ఎదుటివాళ్ల బాల్కనీలూ, ఆరేసిన బట్టలూ కనిపిస్తాయి. సముద్రం కనిపించదు. అయినా అది దగ్గరే. అందుకే మా నాన్న గాలం కర్రను డర్బన్ నుంచి ఇక్కడికి తెచ్చుకున్నాను.

మన చరిత్ర మీకు తెలిసిందే. ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా కూలి ఒప్పందం మీద నేటాల్‌కు వెళ్లారు. ఒప్పందం తీరాక కొందరు చెరకు తోటలు వదిలి చేపల వేటకు దిగారు. డర్బన్ తీరంలో వలలు లాగి బతికారు. మా తాత అలాంటివాడే. నాన్న వల పట్టలేదు, ఆఫీసులో పని చేశాడు. శనివారం మాత్రం గాలం కర్ర పట్టేవాడు. ఆయనకు తెలుగు ఎక్కువ రాదు. పడవ మీద మూడు మాటలు అనేవాడు: "లాగు", "వదులు", "జాగ్రత్త నాయనా". ఆ మూడింటితోనే రోజంతా గడిచిపోయేది.

డర్బన్‌లో మేము కూటా అని పిలిచే చేపను ఇక్కడ కనాద్ అంటారు. ఆంధ్ర తీరంలో అదే వంజరం. ఈ సంగతి నాకు చెప్పింది మా పక్క ఫ్లాట్‌లో ఉండే తమ్ముడు. అతనిది కాకినాడ దగ్గర ఉప్పాడ. ఇక్కడ ఏసీలు బాగుచేస్తాడు. పని చేసిన రోజుకే డబ్బు. సెలవు రోజున మేమిద్దరం తెలిసినవాళ్ల పడవ మీద వేటకు వెళ్తాం.

షార్జా ముందున్న సముద్రానికి లోతు తక్కువ. ఆ గల్ఫ్ మొత్తానికి సగటు లోతు 35 మీటర్లే. తూర్పున ఖోర్ ఫక్కాన్ వైపు నీరు త్వరగా లోతవుతుంది. 2019లో కొత్త రోడ్డు తెరిచాక అక్కడికి వెళ్లడం తేలికైంది. వంజరం కొన్నిసార్లు పైన ఉండదు, కిందికి దిగుతుంది. అప్పుడు నడిచే పడవ వెనక ఎరను లోతుగా లాగాలి. నైలాన్ దారం నీటి కంటే కొంచెమే బరువు. కొన్ని అల్లిక దారాలైతే నీటి మీద తేలుతాయి. ఉక్కు తీగ నీటి కంటే దాదాపు 8 రెట్లు బరువు, పైగా సన్నం. అందుకని ఎక్కువ సీసం కట్టకుండానే ఎర లోతుకు వెళ్తుంది. గాలం దగ్గర కట్టే జానెడు తీగ గురించి కాదు నేను చెప్పేది. అది చేప పళ్లకు దారం తెగకుండా కడతారు. ఇక్కడ దారం బదులు తీగే ఉంటుంది.

తీగ వాడితే కర్ర కొస మార్చాలి. నాకు ఆ సంగతి తెలియలేదు. నాన్న కర్రకే తీగ ఎక్కించాను.

కర్ర పొడవునా చిన్న చిన్న కడియాలు ఉంటాయి. దారం వాటిలోంచి వెళ్తుంది. చివరిది కొస కడియం. చేప లాగినప్పుడు దారం అన్నిటికంటే ఎక్కువ వంగేది అక్కడే. ఎక్కువ ఒరిపిడి కూడా అక్కడే. నాన్న కర్రకు ఉన్నది పాత రకం పింగాణీ కడియం. నైలాన్ దారానికి అది చక్కగా సరిపోయింది. తీగ మాత్రం దాన్ని రంపంలా కోసింది. నాలుగో వేటకే గాడి పడింది. ఒక మంచి వంజరం పడవ దాకా వచ్చింది. ఆ గాడిలో తీగ ఇరుక్కుని తెగింది. చేప పోయింది.

తమ్ముడు కొసను వేలితో తడిమి చూసి నవ్వాడు. "అన్నయ్యా, దీనికి గిలక పెట్టాలండీ" అన్నాడు.

గిలక అంటే మీకు తెలుసా? బావి మీద తాడు తిరిగే చక్రం. నేను దాన్ని రోలర్ అనేవాణ్ని. ఆ రోజు నుంచి గిలక అనే అంటున్నాను.

గిలక కొస మంచిదే. తీగ దాన్ని కోయదు, దానితో పాటు తిరుగుతుంది. చక్రం పెద్దదైతే తీగ మెల్లగా వంగుతుంది, మెలికలు తక్కువ పడతాయి. కానీ నేను చవకగా దొరికినది కొన్నాను. చక్రానికీ పక్క రేకులకూ మధ్య సందు ఎంత ఉందో చూడలేదు.

తర్వాతి వేటలో ఎర అడుగున రాయికి తగులుకుంది. పడవ ముందుకు పోతోంది. తీగ ఒక్కసారి వదులై, మళ్లీ బిగిసింది. ఆ క్షణంలో చక్రం మీంచి జారి సందులో ఇరుక్కుంది. నేను పడవ ఆపమని అరిచేలోపే తమ్ముడు తీగను చేత్తో పట్టుకున్నాడు. అది అతని అరచేతిని కోసింది. కుట్లు పడ్డాయి. పన్నెండు రోజులు పనికి వెళ్లలేకపోయాడు. అన్ని రోజులూ అతనికి డబ్బు లేదు.

నేను డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. "తీగని పట్టుకున్నది నేనండీ" అన్నాడు.

"గిలక కొన్నది నేను" అన్నాను.

చివరికి తీసుకున్నాడు. కానీ ఆ చెయ్యి చూసినప్పుడల్లా నాకు నాన్న మూడో మాట గుర్తొస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రాత్రి నేను అన్నీ కొలిచాను. మా తీగ మందం అర మిల్లీమీటరు. గిలక సందు అంతకంటే ఎక్కువ. మీరు గిలక కొనేటప్పుడు మీ తీగ ముక్క ఒకటి దుకాణానికి తీసుకెళ్లండి. చక్రం పక్కన పెట్టి నొక్కండి. సందులోకి దూరితే ఆ గిలక కొనకండి. చక్రం వేలితో తాకగానే తిరగాలి. ఇంటికి వచ్చాక ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఒక చుక్క నూనె వేయండి. ఉప్పు పట్టి తిరగడం ఆగిపోయిన గిలక మామూలు కడియం కంటే అధ్వాన్నం.

గిలకను ఇలా చూసుకునే ఓపిక లేకపోతే టంగ్‌స్టన్ కార్బైడ్ కడియం తీసుకోండి. అది చాలా గట్టిది, తీగ దాన్ని అంత తేలిగ్గా కోయలేదు. అందులో తీగ ఇరుక్కునే సందు లేదు. తీగకూ వెనకున్న దారానికీ వేసిన ముడి కూడా సులువుగా దాటుతుంది. గిలక మీద కంటే ఒరిపిడి కొంచెం ఎక్కువ, అంతే. మా పడవ మీద చేతులు ఎక్కువ, అనుభవం తక్కువ. అందుకే నేను కడియమే ఎంచుకున్నాను.

కొలత సంగతి. కొసకు ఒక చిన్న గొట్టం ఉంటుంది. కర్ర చివర అందులో దూరుతుంది. అమెరికా రకాల్లో ఈ గొట్టం కొలతను అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. 8వ నంబరు అంటే 64లో 8 వంతులు, దాదాపు 3.2 మిల్లీమీటర్లు. మీ కర్ర చివర కొలిచి వెళ్లండి. అంటించడానికి వేడి చేస్తే కరిగే జిగురు వాడండి. రేపు మళ్లీ మార్చాలంటే గొట్టాన్ని కొంచెం వేడి చేస్తే చాలు, కొస ఊడి వస్తుంది. కర్రకు మాత్రం వేడి తగలనివ్వకండి.

అయితే నాన్న కర్ర కొస మార్చడం ఈ లెక్కలంత తేలిక కాలేదు. కొస కింద ఆయన స్వయంగా చుట్టిన ఎర్ర దారం ఉంది. కొస తీయాలంటే దాన్ని కోయాలి. రెండు వారాలు కర్ర బాల్కనీలో అలాగే ఉంది. కర్రను గోడకు తగిలించి, కొత్తది కొనుక్కుందామా అనుకున్నాను. తమ్ముడు కుట్లు విప్పించుకుని వచ్చి దాన్ని చూశాడు. "మీ నాన్నగారు దీన్ని వేటకి చుట్టారండీ, గోడకి కాదు" అన్నాడు. ఆ సాయంత్రమే బ్లేడుతో దారం కోశాను. కొత్త కొస పెట్టి, మిగతా కడియాలతో ఒకే వరసలో ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాను. కొత్త ఎర్ర దారం తమ్ముడు చుట్టాడు. అరచేతిలో ఎర్రటి గీత, పైన ఎర్ర దారం. చుట్లు నాన్న చుట్టినంత నున్నగా రాలేదు. కానీ గట్టిగా ఉన్నాయి.

ఇప్పుడు మీ దూది తీసుకోండి. కొస కడియం లోపల మెల్లగా తిప్పండి. దూది పోగులు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ గాడి గానీ పగులు గానీ ఉన్నట్టే. మనిషి గాడిలో పడ్డాడంటే మనవాళ్లు సంతోషిస్తారు. కర్ర కొసకు మాత్రం గాడి పడకూడదు. పడితే మార్చండి. తీగ బిగిసినప్పుడు చేత్తో మాత్రం పట్టుకోకండి. ముందు పడవ ఆపించండి.

గిలకను మీ ఇంట్లో ఏమంటారు? మీ పెద్దలు పడవ మీద ఏ మాటలు అనేవారు? ఒక్క మాట గుర్తున్నా సరే, పత్రికకు రాయండి. వచ్చే సెలవు రోజున ఇక్కడి పడవ మీద మేమిద్దరం ఆ మాట వాడతాం.